వరిగడ్డి బేలర్ గేర్‌బాక్సు: ఎంచుకోవడం నుంచి సీజను చివర దాచడం దాకా

హార్వెస్టరు కోసి వెళ్ళిన మడిలో గడ్డి వరసలుగా పడి ఉంటుంది. దాన్ని నాలుగైదు రోజుల్లో ఎత్తకపోతే మంచుకు నానుతుంది, తుపాను పడితే కుళ్ళుతుంది. వెనకాల మినుము వేసుకున్న రైతు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తాడు. సరిగ్గా ఆ వారంలోనే బేలర్ (గడ్డిని ఎత్తి కట్టలు కట్టే మిషన్) గేర్‌బాక్సు పోతుంది. ఖాళీగా ఉన్న నెలల్లో ఎప్పుడూ పోదు, ఎందుకంటే దాని మీద బరువు పడేది ఆ రోజుల్లోనే.

గోదావరి డెల్టాలో నేను రెండు మిషన్లు కిరాయికి నడుపుతాను. ఒకటి గుండ్రటి కట్టలు కట్టే చిన్న రౌండ్ బేలర్, ఇంకొకటి నలుపలకల కట్టలు కట్టే స్క్వేర్ బేలర్. సార్వా (ఖరీఫ్) గడ్డి, దాళ్వా (రబీ) గడ్డి రెండూ ఎత్తుతాం. ఇన్నేళ్ళలో నేను విప్పి చూసిన బాక్సుల్లో పళ్ళు వాటంతట అవి అరిగి పోయినవి చాలా తక్కువ. కారిపోయిన సీలు (షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు), పొడవు సరిపోని పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు వెనక నుంచి ఇంజను తిప్పుడును మిషన్‌కు అందించే ఇరుసు), తెగాల్సిన చోట తెగని బోల్టు: నేను చూసిన చావుల్లో ఎక్కువ వాటా ఈ మూడిటిదే. అందుకే ఈ వ్యాసంలో గేర్ల కంటే వాటి చుట్టూ ఉన్న సామాను గురించే ఎక్కువ రాశాను.

ఒక మాట ముందే చెప్పాలి. బాక్సు దగ్గరికి చెయ్యి పోవాలంటే పీటీఓ ఆపాలి, ఇంజను ఆపాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి, తిరిగేవన్నీ పూర్తిగా ఆగే దాకా నిలబడాలి. స్క్వేర్ బేలర్ ముందున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీలు, పీటీఓ ఆపాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పంచె కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని షాఫ్టు పక్కకు వెళ్ళకండి. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు 9 చుట్లు. గుడ్డ కొస చిక్కితే వెనక్కి లాక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు.

మీ బాక్సు ఏ రకమో ముందు చూసుకోండి

రౌండ్ బేలర్‌లో ట్రాక్టరు నుంచి వచ్చిన తిప్పుడు మెయిన్ బాక్సులో క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) కలిసే దగ్గర 90 డిగ్రీలు మళ్ళి పక్కకు వస్తుంది. అక్కడి నుంచి స్ప్రాకెట్, చైను మీదుగా రోలర్లకు, గడ్డిని నేల మీంచి ఎత్తే పికప్‌కు వెళ్తుంది. కట్ట ఖాళీగా మొదలై లోపల బిగిసేకొద్దీ బరువు మెల్లగా పెరుగుతుంది, తాడు చుట్టే ముందు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, కట్ట బయటపడగానే దిగిపోతుంది. బాక్సుకు ఇది అంత కష్టమైన పని కాదు.

స్క్వేర్ బేలర్ సంగతి వేరు. అక్కడ బాక్సు వేగాన్ని బాగా తగ్గించి క్రాంకును తిప్పుతుంది, ప్లంజరు నిమిషానికి 80 నుంచి 100 సార్లు గడ్డిని గుద్దుతుంది. ప్రతి గుద్దులో కత్తి గడ్డిని కోస్తుంది కూడా. అంటే ఒక్క గంటలో 4800 నుంచి 6000 దెబ్బలు. ఈ దెబ్బల్లో చాలా భాగాన్ని బాక్సు ముందున్న ఫ్లైవీలు తన ఊపుతో మోస్తుంది. ఫ్లైవీలులో నిలవ ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. డీజిలు కలిసొస్తుందని పీటీఓను 540 బదులు 400 దగ్గర తిప్పితే ఆ శక్తి 55 శాతానికి పడిపోతుంది. మిగతా దెబ్బంతా పినియన్ పళ్ళు, ట్రాక్టరు క్లచ్ పంచుకోవాల్సిందే. స్క్వేర్ బేలర్‌ను తక్కువ వేగంలో నడపడం పొదుపు అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుని చూడాలి.

బలం లెక్క

కొత్త బాక్సు కొనేటప్పుడు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న "ట్రాక్టరు ఎన్ని హెచ్‌పీ?" అని. దాని మీద ఒక్కదాని మీదే బాక్సు ఇస్తే తీసుకోకండి. మనకు కావలసింది టార్కు, అంటే షాఫ్టును మెలితిప్పే బలం.

45 హెచ్‌పీ ట్రాక్టరు తీసుకుందాం. పీటీఓ దగ్గరకు వచ్చేసరికి అది సుమారు 38 హెచ్‌పీ ఉంటుంది, అంటే 28.3 కిలోవాట్లు. కిలోవాట్లను 9550తో గుణించి, ఆర్‌పీఎంతో భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్కు వస్తుంది. 28.3ను 9550తో గుణించి 540తో భాగిస్తే సుమారు 500 న్యూటన్ మీటర్లు. లెక్క తలలో ఉంచుకోవాలంటే 540 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో హెచ్‌పీకి 13 న్యూటన్ మీటర్లు అనుకుంటే చాలు.

ఇది సాఫీగా తిరిగేటప్పటి బలం. తడిగడ్డి ముద్ద ఒక్కసారిగా లోపలికి పోయినప్పుడు, ప్లంజరు గుద్దినప్పుడు ఇంతకు ఎన్నో రెట్లు ఒక్క క్షణం పడుతుంది. అందుకే దీన్ని ఒక రక్షణ గుణకంతో హెచ్చించాలి. నేను రౌండ్ బేలర్‌కు 1.5, స్క్వేర్ బేలర్‌కు 2 వేసుకుంటాను. పై ట్రాక్టరుకైతే రౌండ్‌కు 750, స్క్వేర్‌కు 1000 న్యూటన్ మీటర్లు మోస్తానని కంపెనీ కాగితం మీద రాసి ఇచ్చిన బాక్సు కావాలి. ఆ అంకె రాసి ఇవ్వలేని అమ్మకందారు దగ్గర నేను కొనను. ధర ఎంత తక్కువైనా సరే.

తర్వాత రేషియో. పాత బాక్సు మీద పలక చెరిగిపోయి ఉంటే ఇలా చూడండి. పీటీఓ షాఫ్టు విప్పి, చైనులు తీసేసి, లోపలికి వచ్చే షాఫ్టు మీద, బయటికి పోయే షాఫ్టు మీద సుద్దతో ఒక్కో గీత గీయండి. లోపలి షాఫ్టును చేత్తో 20 చుట్లు తిప్పి బయటిది ఎన్ని తిరిగిందో లెక్కపెట్టండి. 20కి 30 తిరిగితే వేగం పెంచే బాక్సు, 20కి 3 మాత్రమే తిరిగితే తగ్గించేది. మూత తెరిచి ఉంటే పళ్ళే లెక్కపెట్టుకోవచ్చు, అది ఇంకా కచ్చితం. రేషియో తేడా వచ్చిన బాక్సు వేస్తే పికప్ వేగం, రోలర్ వేగం, తాడు చుట్టే వేగం అన్నీ మారిపోతాయి. కట్ట వదులుగా వస్తుంటే గడ్డిని తిట్టుకుంటాం.

తిరిగే దిశను చాలామంది మర్చిపోతారు. ట్రాక్టరు వెనక నిలబడి ముందుకు చూస్తే పీటీఓ గడియారం ముల్లులా తిరుగుతుంది. బయటి షాఫ్టు ఎటు తిరుగుతుందన్నది పినియన్‌కు ఏ పక్క క్రౌన్ కూర్చుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు బాక్సులు చూడ్డానికి ఒకేలా ఉండి, ఒకటి మాత్రం రోలర్లను వెనక్కి తిప్పేది కావచ్చు. కాబట్టి పాత బాక్సును దుకాణానికి తీసుకుపోండి. ఫోటో చాలదు. షాఫ్టు మందం, కీ వెడల్పు, స్ప్లైన్ల (షాఫ్టు మీద పొడవునా ఉండే పళ్ళ) లెక్క, బోల్టు రంధ్రాల మధ్య దూరం, నేల నుంచి షాఫ్టు ఎత్తు అన్నీ పక్కపక్కన పెట్టి కొలవండి. మన ట్రాక్టర్లలో సాధారణంగా 540 పీటీఓకు 35 మిల్లీమీటర్ల మందం, 6 స్ప్లైన్ల షాఫ్టు ఉంటుంది. అదే మందంలో 21 స్ప్లైన్లు కనిపిస్తే అది 1000 ఆర్‌పీఎం కోసం చేసింది, మనది కాదు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

గేర్లు కేస్ హార్డెనింగ్ చేసినవా అని అడగండి. 20ఎంఎన్‌సీఆర్5 లాంటి ఉక్కుతో చేసి పైపొర గట్టిపరిచిన గేర్లు మంచివి. పైన గట్టిగా ఉండి అరుగుదలను తట్టుకుంటాయి, లోపల కాస్త మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటాయి. అమ్మేవాడు ఒప్పుకుంటే మంచి ఆకురాయితో పంటి అంచు మీద మెల్లగా గీరి చూడండి. గట్టిపరిచిన పన్ను మీద ఆకురాయి జారిపోతుంది. పొడి రాలితే ఆ గేరు ఒక సీజను కూడా రాదు.

పైపెంకు పోత ఇనుముది అయితే బరువుగా ఉంటుంది గానీ కంపనానికి నిలుస్తుంది. పాత బాక్సు కొంటుంటే బోల్టు చెవుల మొదట్లో, బేరింగు కూర్చునే చోట్ల వెల్డింగు గుర్తులు వెతకండి. పోత ఇనుము పగుళ్ళకు వేసిన వెల్డింగు మడిగట్లు దాటే కుదుపులకు నిలబడడం నేను చూడలేదు. డ్రెయిన్ ప్లగ్గు విప్పి రెండు చుక్కల ఆయిలు అరచేతిలో వేసుకుని ఎండలో చూడండి. కొత్తగా మెరిసిపోతుంటే సంతోషించకండి. అమ్మడానికి ముందు మార్చారన్న మాట. అప్పుడు మూత తెరిపించి పళ్ళే చూడాలి.

లెవెల్ ప్లగ్గు, డ్రెయిన్ ప్లగ్గు, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూడూ విడివిడిగా ఉన్న బాక్సు తీసుకోండి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు దొరికితే మరీ మంచిది. సీళ్ళు, బేరింగులు మన ఊరి దుకాణంలో దొరికే నంబర్లవేనా అని కూడా చూడాలి. నవంబరు నెలాఖరులో సీలు కోసం వేరే రాష్ట్రం నుంచి పార్సెల్ రావాలంటే ఆ ఏడాది కిరాయి అంతే సంగతులు.

బిగించేటప్పుడు: పీటీఓ షాఫ్టు పొడవు

కొత్త బాక్సు బాగానే ఉంటుంది, పాత పీటీఓ షాఫ్టు దాన్ని చంపుతుంది. ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

షాఫ్టు రెండు గొట్టాలుగా ఒకదానిలో ఒకటి జారుతుంది. మలుపు తిరిగినప్పుడు, గట్టు దాటినప్పుడు ట్రాక్టరుకీ బేలర్‌కీ మధ్య దూరం తగ్గుతుంది, షాఫ్టు లోపలికి జారుతుంది. అది పూర్తిగా జారి అడుగు తాకిందనుకోండి, ఇక ట్రాక్టరు బరువంతా సుత్తిలా బాక్సు ఇన్‌పుట్ షాఫ్టును పొడుస్తుంది. బేరింగు వెనక్కి కదులుతుంది, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) నలుగుతాయి, పినియన్ క్రౌన్‌లోకి దూరిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. పది రోజుల తర్వాత మోత మొదలవుతుంది.

అందుకని ట్రాక్టరుకు బేలర్ తగిలించి, దూరం అన్నిటికంటే తక్కువయ్యే స్థితికి తెచ్చి కొలవండి. లింకేజీకి (ట్రాక్టరు వెనక ఉండే ఎత్తుడు చేతులకు) తగిలించి ఎత్తే రకమైతే ఎత్తుతూ దించుతూ, లాగే రకమైతే పూర్తి మలుపులో. ఆ స్థితిలో కూడా గొట్టం అడుక్కి కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఖాళీ మిగలాలి. దూరం ఎక్కువైన స్థితిలో రెండు గొట్టాలు కనీసం మూడో వంతు పొడవు ఒకదానిలో ఒకటి ఉండాలి. పొడవు ఎక్కువైతే లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ కవర్లు ఒకే కొలతతో కోయాలి. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు పూసి ఎక్కించాలి.

తర్వాత యోక్‌లు, అంటే క్రాస్‌ను (షాఫ్టులను వంపులో కలిపే కూడలి ముక్కను) పట్టుకునే కొమ్ములు. షాఫ్టు మధ్య భాగానికి రెండు చివర్లా ఉన్న యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. క్రాస్ 20 డిగ్రీల వంపులో తిరుగుతుంటే, 540తో వచ్చిన తిప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు 507కి దిగి 575కి ఎక్కుతుంది. యోక్‌లు వరసలో ఉండి రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే రెండో క్రాస్ ఆ ఊగులాటను సరిచేస్తుంది. స్ప్లైను తప్పించి ఎక్కిస్తే రెండూ కలిసి ఊగులాట ఇంకా పెరుగుతుంది. పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకునే టకటక చప్పుడు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది, గేర్ల తప్పేమీ ఉండదు. పనిలో వంపు 15 డిగ్రీల లోపు ఉంచండి. గట్టు దాటేటప్పుడు, మడి చివర ఇరుకుగా తిప్పేటప్పుడు పీటీఓ ఆపడం డ్రైవరుకు అలవాటు చేయండి. మన మడులు చిన్నవి, రోజుకు ఎన్ని గట్లు దాటుతామో మీకు తెలుసు.

బాక్సును చట్రం మీద కూర్చోబెట్టాక బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చట్రం వంగి ఉంటే ఒక చెవి కింద సందు కనిపిస్తుంది. ఆ సందులో షిమ్ము వేయకుండా బోల్టుతో లాగి బిగిస్తే పెంకు పగులుతుంది. అవుట్‌పుట్ స్ప్రాకెట్ ఎదుటి స్ప్రాకెట్‌తో ఒకే గీత మీద ఉందా అని దారం కట్టి చూడండి. చైను మరీ బిర్రుగా లాగకూడదు. స్ప్రాకెట్ల మధ్య మీటరు దూరం ఉంటే మధ్యలో వేలితో నొక్కితే 2, 3 సెంటీమీటర్లు ఊగాలి. బిగువైన చైను రోజంతా షాఫ్టును పక్కకు లాగి బేరింగును తినేస్తుంది.

స్క్వేర్ బేలర్‌లో ఇంకో పని ఉంది. బాక్సు దించకముందే క్రాంకుకూ, నీడిల్ (కట్ట చుట్టూ తాడు తెచ్చే పెద్ద సూది) డ్రైవు స్ప్రాకెట్లకూ రంగుతో గుర్తులు పెట్టుకోండి. మళ్ళీ బిగించాక ఫ్లైవీలును చేత్తో తిప్పి, నీడిళ్ళు కట్ట బిగిసే గదిలోకి వచ్చే సమయానికి ప్లంజరు ఎక్కడుందో మిషన్‌తో వచ్చిన పుస్తకంలోని కొలతతో సరిచూడాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా ప్లంజరు నీడిళ్ళను విరిచేస్తుంది.

ఆయిలు

ఎక్కువ బాక్సులకు ఎస్‌ఏఈ 90 లేదా 80డబ్ల్యూ-90 ఈపీ గేర్ ఆయిలు చెబుతారు. ఈపీ అంటే పళ్ళ మీద విపరీతమైన ఒత్తిడి పడినప్పుడు కూడా పొర తెగకుండా కాపాడే మందులు కలిపినది. జీఎల్-4, జీఎల్-5 అని రెండు స్థాయిలు ఉంటాయి. లోపల కంచు బుష్‌లు ఉంటే జీఎల్-5లోని గంధకం మందులు వాటిని తినే ప్రమాదం ఉంది కాబట్టి పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4నే పోయాలి. ఇంజను ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు, పాత ఆయిలు పోయకండి. కొన్ని చిన్న బాక్సులకు గ్రీజులా చిక్కగా ఉండి నిదానంగా పారే సెమీ ఫ్లూయిడ్ గ్రీజు చెబుతారు. వాటిలో మామూలు బేరింగు గ్రీజు కూరితే గేరు తిరిగే దారి మేర గ్రీజు పక్కకు తొలగి అక్కడే నిలబడిపోతుంది, పళ్ళు పొడిగా తిరుగుతాయి.

కొత్త బాక్సుకు మొదటి 50 గంటల తర్వాత ఆయిలు మార్చాలి. కొత్త పళ్ళు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన ఇనుప పొడి అంతా అందులో ఉంటుంది. తర్వాత పుస్తకం ఎన్ని గంటలు చెప్పినా నేను మాత్రం ఏటా సార్వా ముందు ఒకసారి మారుస్తాను. బాక్సులో పట్టేది రెండు మూడు లీటర్లు. క్రౌన్, పినియన్ జత ధర ముందు అదొక ఖర్చు కాదు.

మార్చే పద్ధతి చెబుతాను. అరగంట మిషన్ నడిపి ఆయిలు వెచ్చబడ్డాక దించాలి, అప్పుడే అడుగున ఉన్న మడ్డి కూడా వస్తుంది. చుట్టూ ఉన్న గడ్డి, మట్టి ముందే గుడ్డతో తుడిచేయండి. లేకపోతే ప్లగ్గు విప్పగానే అంతా లోపలికే. ఆయిలును తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకి పట్టండి, రంగు తెలుస్తుంది. పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరింది. మాడిన వాసన, నల్లరంగు ఉంటే బాక్సు బాగా కాగింది. అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉండడం మామూలే. సూదుల్లా, రేకుల్లా మెరిసే ముక్కలుంటే బాక్సు విప్పాల్సిందే.

పోసేటప్పుడు మిషన్ సమతలంగా ఉండాలి. లెవెల్ ప్లగ్గు రంధ్రం నుంచి సన్నగా కారడం మొదలయ్యే దాకా పోసి ఆపండి. ఒక లీటరు ఎక్కువ పోస్తే మేలేగా అనుకునేవాళ్ళు ఉన్నారు. ఎక్కువైన ఆయిలును పళ్ళు చిలికి నురుగు చేస్తాయి. నురుగు పొరగా నిలవదు, వేడి పెరుగుతుంది, ఒత్తిడికి సీలు దగ్గర కారుతుంది.

సీలు, బ్రీదర్

ఒక సార్వాలో నా రౌండ్ బేలర్ ఇన్‌పుట్ సీలు మూడుసార్లు మార్పించాను. మార్చిన నాలుగు రోజులకే డ్రైవరు వచ్చి "మళ్ళీ కారుతోందండి" అనేవాడు. మెకానిక్కు సీలు నకిలీది అన్నాడు, ఇంకో రకం తెచ్చాం, అదీ కారింది. చివరికి పెద్దాయన ఒకరు బాక్సు నెత్తిన ఉన్న బ్రీదర్‌ను విప్పి నోటితో ఊది చూడమన్నారు. గాలి పోలేదు. దుమ్ము, గడ్డిపొడి, ఆయిలు కలిసి గచ్చులా గట్టిపడ్డాయి. బాక్సు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక ఆయిలును సీలు గుండా తోస్తుంది. బ్రీదర్‌ను డీజిల్లో కడిగి పెట్టాక ఆ సీలు రెండు సీజన్లు వచ్చింది. అప్పటి నుంచి వారానికోసారి బ్రీదర్ విప్పి ఊదడం మా దగ్గర నియమం. సీలు కారిందంటే ముందు చూసేది అదే.

బ్రీదర్ బాగానే ఉండి కారుతుంటే షాఫ్టుకు గడ్డి చుట్టుకుందేమో చూడండి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, ఇసుకలో ఉండేది అదే. షాఫ్టుకు చుట్టుకున్న గడ్డి, జనపతాడు పీచు తిరుగుతూ తిరుగుతూ సీలు పెదవిని గరుకు కాగితంలా కోస్తాయి. ఈ చుట్టుకున్న గడ్డిని కొడవలితో కోసేటప్పుడు సీలుకు తగలకుండా, షాఫ్టు పొడవునా గీత పెట్టి విప్పండి.

సీలు మార్చేటప్పుడు పాతదాని మీద మూడు అంకెలు ఉంటాయి: షాఫ్టు మందం, బయటి వ్యాసం, వెడల్పు. బయట దుమ్మును ఆపే రెండో పెదవి ఉన్న రకం తీసుకోండి. స్ప్రింగు ఉన్న పక్క ఆయిలు వైపు ఉండాలి. స్ప్లైన్ల అంచులు పెదవిని కోయకుండా వాటి మీద పల్చని ప్లాస్టిక్ కాగితం చుట్టి, పెదవికి గ్రీజు రాసి జార్చండి. సుత్తితో ఒక పక్క కొట్టకుండా సరైన వ్యాసం ఉన్న గొట్టం ముక్క ఆనించి చుట్టూ సమానంగా దిగ్గొట్టండి. పాత సీలు రుద్దిన చోట షాఫ్టు మీద గోటికి తగిలే గాడి ఉంటే కొత్త సీలు కూడా అక్కడే కారుతుంది. బాక్సులో చోటుంటే సీలును రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, లేదంటే షాఫ్టుకు పల్చని స్లీవు వేయించండి.

పొలంలో, రోజూ

పొద్దున్నే మంచు ఆరకముందు మొదలుపెట్టకండి. తడిసిన గడ్డి బరువుగా వస్తుంది, ముద్దలుగా పడుతుంది, బాక్సు మీద దెబ్బ పెరుగుతుంది. ఆ రెండు గంటలు తనిఖీకి వాడుకోండి. బాక్సు కింద నేల మీద ఆయిలు మరక ఉందా, బోల్టులు వదులయ్యాయా, క్రాస్‌లకు గ్రీజు కొట్టారా, ప్లాస్టిక్ కవర్లు పగలకుండా ఉన్నాయా చూడాలి. క్రాస్‌కు 8 గంటలకోసారి గ్రీజు పడాలి.

ట్రాక్టరులో మల్టీ స్పీడ్, రివర్స్ పీటీఓ ఉంటే లివరు ఎక్కడుందో ఎక్కగానే చూడండి. ఇంజను మెల్లగా ఉన్నప్పుడు పీటీఓ కలిపి, తర్వాత నిదానంగా 540కి తీసుకెళ్ళాలి. పూర్తి వేగంలో ఉండగా ఠక్కున కలపడం, లోపల గడ్డి ఇరుక్కుని ఉండగా మళ్ళీ మళ్ళీ కలిపి తోయించడం పళ్ళ మొదళ్ళలో సన్నటి పగుళ్ళు తెస్తాయి. గడ్డి ఇరుక్కుంటే పీటీఓ, ఇంజను ఆపి, తిరిగేవన్నీ ఆగాక దిగి, చేత్తో తీయండి.

వేడి సంగతి. చవకరకం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. కొత్త బాక్సు గంటసేపు పనిచేశాక ఎన్ని డిగ్రీలు చూపించిందో బాక్సు మీదే రంగుతో రాయండి. తర్వాత అదే మీ కొలబద్ద. దాళ్వా గడ్డి ఎత్తే ఏప్రిల్, మే నెలల్లో బయటే 42 డిగ్రీలు ఉంటుంది కాబట్టి డిసెంబరు అంకెతో పోల్చకండి. 80, 85 డిగ్రీలు దాటుతుంటే ఆపి కారణం వెతకాలి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఆయిలు ఆయుష్షు సగమవుతుందని పనివాళ్ళ లెక్క. 100 దగ్గరికి వస్తే మామూలు రబ్బరు సీళ్ళు గట్టిపడి పగులుతాయి. బాక్సంతా ఒకేలా ఉండి ఒక బేరింగు మూల మాత్రం 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే ఆ బేరింగు పోతోందని అర్థం.

ప్రతి రెండు గంటలకూ ఆపి, బాక్సు చుట్టూ పేరుకున్న గడ్డిపొడి తీసేయండి. అది దుప్పటిలా కప్పి వేడిని పోనివ్వదు. పోతున్న బేరింగు, ఎండుగడ్డి పొడి కలిస్తే నిప్పు పుడుతుంది. ట్రాక్టరు మీద నీళ్ళ డబ్బాతో పాటు మంటలార్పే సిలిండరు కూడా ఉంచండి. కాలిపోయేది మిషన్ ఒక్కటే అయితే ఫర్వాలేదు, పక్క మడిలో కోయని వరి ఉంటుంది.

తెగాల్సిన బోల్టు, జారాల్సిన క్లచ్

బరువు మించినప్పుడు షేర్ బోల్టు తెగాలి, లేదా స్లిప్ క్లచ్ జారాలి. ఆ తెగడమే దాని పని. ఒక డిసెంబరులో మా స్క్వేర్ బేలర్‌లో షేర్ బోల్టు రోజుకు రెండు మూడుసార్లు తెగుతుంటే, విసిగిపోయిన డ్రైవరు దుకాణంలో ఉన్న వాటిలో గట్టిది తెచ్చి వేశాడు. నాకు చెప్పాడు కూడా, "ఇక తెగదండి" అని. నేను కాదనలేదు. మర్నాడు మధ్యాహ్నం పినియన్ రెండు పళ్ళు విరిగాయి. తొమ్మిది రోజులు మిషన్ షెడ్డులో ఉంది. ముందుగా ఒప్పుకున్న రైతుల గడ్డి కొంత మడిలోనే పాడైంది, వాళ్ళ మొహం చూడలేకపోయాను.

బోల్టు తల మీద అంకెలు ఉంటాయి. 4.6, 8.8, 10.9 అని. మొదటి అంకెను 100తో గుణిస్తే ఆ ఉక్కు ఎంత లాగుడును తట్టుకుంటుందో మెగాపాస్కల్స్‌లో వస్తుంది. అంటే 10.9 బోల్టు 4.6 కంటే రెండున్నర రెట్లు గట్టిది. పుస్తకం ఏ అంకె, ఏ మందం, ఏ పొడవు చెప్పిందో అదే వాడాలి, పాతిక బోల్టులు టూల్ బాక్సులో ఉండాలి. పదే పదే తెగుతుంటే ప్లంజరు కత్తి మొద్దుబారిందా, కత్తుల మధ్య సందు పెరిగిందా, గడ్డి తడిగా ఉందా, ముందుకు మరీ వేగంగా పోతున్నారా చూడండి. రంధ్రాలు కోలగా అరిగినా బోల్టు ఊరికే తెగుతుంది. కొత్త బోల్టు వేశాక చేత్తో ఒక చుట్టు తిప్పి నీడిల్ టైమింగ్ చూడడం మర్చిపోకండి.

స్లిప్ క్లచ్‌ది వేరే జబ్బు. నెలల తరబడి కదలకుండా ఉంటే వానాకాలపు తేమకు ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. అప్పుడది క్లచ్ కాదు, ఇనుపదిమ్మ. సీజను ముందు స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకుని, నట్లు సమానంగా వదులు చేయండి. ప్లేట్ల అంచుల మీదుగా సుద్దగీత గీసి, బేలర్ వైపు కదలకుండా ఉంచి పీటీఓను రెండు మూడు సెకన్లు కలిపి ఆపండి. గీత విడిపోతే ప్లేట్లు జారాయి. విడిపోకపోతే క్లచ్ విప్పి తుప్పు గీకి, ప్లేట్లు పల్చబడితే మార్చాలి. తర్వాత స్ప్రింగులను రాసుకున్న పొడవుకే బిగించండి. పూర్తిగా నొక్కుకుపోయే దాకా బిగిస్తే అది ఇక జారదు.

మోత వస్తే

ఎడతెగని ఈల లాంటి మోత అయితే పళ్ళ మధ్య సందు తగ్గింది లేదా ఆయిలు లేదు. గరగర అయితే బేరింగు. చుట్టుకొకసారి టక్కుమంటే ఒక పన్ను దెబ్బతింది. పొడవాటి స్క్రూడ్రైవరు కొన పెంకుకు ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే ఏ మూల నుంచో తెలుస్తుంది, కాకపోతే తిరిగే షాఫ్టుకూ, చైనుకూ దూరంగా, కవర్లన్నీ బిగించి ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

షాఫ్టును ఆపి చేత్తో ముందుకూ వెనక్కూ లాగి చూడండి. పొడవునా కదిలితే టేపర్ బేరింగులు వదులయ్యాయి. సమయం ఉంటే షిమ్ములు సరిచేయించండి. నడుస్తుందిలే అని వదిలేస్తే పినియన్, క్రౌన్ చివర్ల మీద మాత్రమే కలుస్తూ పళ్ళు చిట్లుతాయి.

బాక్సు విప్పించేటప్పుడు దగ్గరే ఉండండి. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. కొత్త పన్ను అరిగిన పంటితో సర్దుకోదు. బిగించాక క్రౌన్ పళ్ళకు రంగు పూసి తిప్పించండి. రంగు చెదిరిన మచ్చ పంటి మధ్యలో, కాస్త లోపలి చివర వైపుగా రావాలి. అంచు మీద వస్తే షిమ్ములు మార్చాలి. పళ్ళ మధ్య సందును (ప్లే) డయల్ గేజితో చూస్తారు. ఈ సైజు బాక్సులకు సాధారణంగా 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. రంగు, గేజి రెండూ లేకుండా "చెయ్యి చెబుతుంది" అనే మెకానిక్కు దగ్గర నేను బాక్సు విప్పించను.

సీజను అయ్యాక

దాళ్వా గడ్డి అయిపోగానే అలసటతో మిషన్‌ను చెట్టు కింద వదిలేస్తాం. ఒక్క పూట కేటాయించండి. గడ్డీ మట్టీ గాలితో ఊది, గుడ్డతో తుడవండి. ప్రెషర్ నీళ్ళు సీలు మీదకీ బ్రీదర్ మీదకీ కొడితే నీళ్ళు లోపలికే పోతాయి. ఆయిలు నల్లబడి ఉంటే ఇప్పుడే మార్చండి. పాత ఆయిల్లో చేరిన తేమ, ఆమ్లాలు నాలుగు నెలల్లో బేరింగుల మీద తుప్పు మచ్చలు వేస్తాయి. కొత్త ఆయిలు పోశాక పది నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపితే పళ్ళన్నిటికీ పొర పడుతుంది. స్ప్లైన్లకూ, పీటీఓ గొట్టాలకూ గ్రీజు రాసి, షాఫ్టును విప్పి షెడ్డులో వేలాడదీయండి. స్లిప్ క్లచ్ స్ప్రింగులు వదులు చేసి, మళ్ళీ ఎంతకు బిగించాలో ఆ కొలతను చట్రం మీద రంగుతో రాయండి. నెలకోసారి ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. మా ఇంట్లో ఈ పని మా అబ్బాయిది, క్యాలెండరులో అమావాస్య నాడు గుర్తు పెట్టుకున్నాడు.

సార్వా మొదలయ్యే ముందు అలమారలో ఇవి ఉన్నాయో లేదో చూసుకుంటాను: ఇన్‌పుట్, అవుట్‌పుట్ సీళ్ళు రెండేసి, ఒక జత బేరింగులు, రెండు క్రాస్‌లు, పాతిక షేర్ బోల్టులు, అయిదు లీటర్ల గేర్ ఆయిలు, ఒక బ్రీదర్. కిందటి ఏడాది వీటిలో వాడింది ఒక్క సీలు, తొమ్మిది బోల్టులు.